పెడల్ దిగితే బండి కదలరాదు

సుగ్గి కాలం వచ్చిందంటే పేపర్లలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. 'బ్రేకులు ఫెయిలై కూలీల వ్యాను బోల్తా'. నాలుగు లైన్లు. ఎంతమంది పోయారు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, డ్రైవరు పరారీ, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. అంతటితో వార్త అయిపోతుంది. మరుసటి సుగ్గికి ఊరి పేరు మారుతుంది, అంకెలు మారతాయి, ఆ నాలుగు లైన్లు మాత్రం అట్లాగే ఉంటాయి.

'బ్రేకులు ఫెయిలయ్యాయి' అన్న ఆ మాట గురించే ఈ వారం మాట్లాడుకుందాం. పిడుగు పడ్డట్టు, పాము కరిచినట్టు, ఎవరి తప్పూ లేకుండా జరిగిపోయిన సంగతిలాగా ఆ మాట వాడుతున్నారు. మేము ఇరవై ఏళ్లుగా కూలీలతో కలిసి ఆ బండ్లలోనే తిరుగుతున్నాం. మాకు తెలిసింది ఇదీ: బ్రేకు చెప్పకుండా పోవడం చాలా అరుదు. ముందు రోజులు, ఒక్కోసారి వారాల తరబడి, అది డ్రైవరు కాలికి చెబుతూనే ఉంటుంది. డ్రైవరు ఓనరుకు చెబుతాడు. ఓనరు 'ఈ సీజను గడవనీ' అంటాడు. ఆ మాటకు మనిషి ప్రాణం ధర.

గాజులపల్లె దగ్గర నాలుగు గంటలు

కర్నూలు పడమటి ఊళ్ల నుంచి, అంటే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, వానల మీద బతికే చేలు ఎండిపోగానే జనం గుంటూరు వైపు మిరప కోతలకు పోతారని ఈ పేజీ చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంటికి తాళం వేసి, పిల్లల్ని, కోళ్లను, బియ్యం మూటలను వేసుకుని సరుకుల బండి ఎక్కుతారు. నంద్యాల దాటి, గాజులపల్లె మీదుగా నల్లమల ఘాటు ఎక్కి దిగి, గిద్దలూరు వైపు పోయే తోవ అది.

కొన్నేళ్ల కిందట ఒక జనవరిలో మేము అట్లాంటి బండిలో ఉన్నాం. వెనక ఇరవై ముగ్గురు మనుషులు, వాళ్ల సామాను. డ్రైవరు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రవాడు. నంద్యాల ఊళ్లో ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా వాడి మోకాలు రెండు సార్లు, మూడు సార్లు ఆడుతోంది. ముందు సీట్లో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూచున్న ఒక అక్క అది చూసింది. గాజులపల్లె దగ్గర టీకి ఆగినప్పుడు మా దగ్గరకొచ్చి మెల్లగా అన్నది: 'ఏమప్పా, వాడు బ్రేకు తొక్కుతున్నాడా, బోరింగు కొడుతున్నాడా?'

ఆమె పోలిక సరిగ్గా సరిపోయింది. ఎట్లా సరిపోయిందో ముందు ముందు చెబుతాం.

మేము కుర్రవాణ్ణి పక్కకు పిలిచి అడిగాం. ముందు 'ఏం కాదులే' అన్నాడు. తరువాత తల వంచుకుని, 'పది దినాల నుంచి పెడలు దిగుతాంది. పంపింగ్ కొడితే వస్తాది. ఓనరుకు జెప్పినా' అన్నాడు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు సీసాలో ఆయిలు కింది గీత దాకా దిగిపోయి ఉంది. పోయిన వారమే నింపాడట. బండి కిందికి వంగి చూస్తే వెనక కుడి చక్రం లోపలి వైపు తడి. దుమ్ము అంటుకుని నల్లగా జిగటగా ఉంది.

ఓనరుకు ఫోను చేశాం. 'సీసాడు ఆయిలు పోసుకుని లాగించమను, రాత్రికి చేరాల' అన్నాడు. మేస్త్రీ గడియారం చూపించాడు. రేపు పొద్దున కోతకు మనుషులు దిగకపోతే రైతు వేరే ముఠాను పెట్టుకుంటాడని బెదిరించాడు. మన వాళ్లలోనూ మాట ఒకటిగా లేదు. అడ్వాన్సు తీసుకుని ఇంట్లో ఖర్చు పెట్టేసినవాళ్లు, 'ఇంతదూరం వచ్చింది గదా, ఆ కాస్తా పోదాం' అన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. అప్పు మెడ మీద కూచున్నవాడికి ఘాటు లోయ కంటే షావుకారే దగ్గరగా కనిపిస్తాడు.

అప్పుడు ఆ అక్కే అన్నది: 'పోయిన యేడు గూడా ఇట్లనే అనుకొంటిమి గదా.'

అందరూ నోరు మూసుకున్నారు. పోయిన ఏడు ఇదే ఘాటులో మా ఊళ్ల బండి ఒకటి దిగుడులో బ్రేకు అందక కొండవైపుకు ఒరిగి ఆగింది. లోయవైపు పోలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఒక చెల్లెలికి మాత్రం మోకాలి కింద కాలు తీసేశారు. డ్రైవరు మీద కేసు పెట్టారు. ఓనరు ఇంకో బండి కొనుక్కున్నాడు. ఆ బండి పెడల్ వారం రోజులుగా దిగుతోందని ఎక్కినవాళ్లందరికీ తెలుసు. మాకూ తెలుసు. సంఘం పేరు చెప్పుకుని తిరిగే మేము కూడా, 'డ్రైవరు చూసుకుంటాడులే' అని ఊరుకున్నాం. ఆత్మవిమర్శ అనే మాట మీటింగుల్లో చాలాసార్లు వాడతాం. ఇది మా ఆత్మవిమర్శ.

ఆ రోజు మేము బండి ఎక్కలేదు. నంద్యాల నుంచి ఒక ముసలి మెకానిక్‌ను పిలిపించాం. నాలుగు గంటలు పట్టింది. మరునాటి కూలిలో సగం పోయింది. అందరం ప్రాణాలతో చేరాం. ఆ నాలుగు గంటలు ఆ పెద్దాయన పని చేస్తూ చెప్పినదీ, ఆ తరువాత పలుచోట్ల డ్రైవర్లను, మెకానిక్‌లను అడిగి మేము తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం.

పెడల్ కింద ఏముంది?

మన చిన్న సరుకుల వ్యాన్లు, జీపులు, కార్లు, చాలా ఆటోలు ఆయిలు బ్రేకుల మీద నడుస్తాయి. డ్రైవరు పెడల్ తొక్కితే ఒక కడ్డీ పోయి మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ పిస్టన్‌కు రబ్బరు వాషర్లు ఉంటాయి. సైకిలు పంపులో ఉండే వాషరు పని లాంటిదే వాటి పని. అవి ఆయిలును వెనక్కి జారనివ్వకుండా ముందుకు తోస్తాయి. ఆయిలు సన్నని ఇనుప పైపుల్లోంచి, చక్రాల దగ్గర రబ్బరు హోసుల్లోంచి పోయి ప్రతి చక్రం దగ్గరి సిలిండర్‌ను నెడుతుంది. అది లైనర్లను డ్రమ్ముకు, లేదా ప్యాడ్లను డిస్కుకు ఒత్తుతుంది. చక్రం ఆగుతుంది.

ఇందులో కిటుకు ఒకటే. ఆయిలును ఎంత నొక్కినా అది ముడుచుకోదు. అందుకే కాలి బలం అట్లాగే చక్రం దాకా పోతుంది. పెడల్ నేలకు దిగిపోతోందంటే ఆ బలం చక్రం దాకా పోకుండా మధ్యలో ఎక్కడో ఖర్చయిపోతోందని అర్థం. ఆయిలు బయటికి కారుతుండాలి, లేదా మాస్టర్ లోపలే వెనక్కి జారుతుండాలి, లేదా ఆయిలులో గాలో ఆవిరో చేరి ఉండాలి, లేదా లైనర్లు అరిగి డ్రమ్ముకు దూరమై ఉండాలి. ఎక్కువగా ఈ నాలుగింటిలోనే ఉంటుంది జబ్బు.

ఊరి బోరింగు వాషరు అరిగితే ఏమవుతుంది? పది సార్లు కొడితే గానీ నీళ్లు రావు. ఆపగానే నీళ్లు కిందికి జారిపోతాయి. మందు కొట్టే పంపు వాషరు పోతే ఎంత కొట్టినా ప్రెషరు నిలవదు. ఈ సంగతి తెలియని కూలీ లేడు. గాజులపల్లెలో ఆ అక్క చూసింది ఇదే. బ్రేకు విద్య మనకు తెలియనిది కాదు. చేతిలో ఉన్న విద్యను కాలికి మార్చుకోవడమే.

తొక్కి చూడండి, ఒక నిమిషం

బండి చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. తరువాత పెడల్‌ను ఐదారు సార్లు తొక్కి వదలండి. బూస్టరులో మిగిలిన గాలి బలం దీనితో పోతుంది. ఇప్పుడు గట్టిగా తొక్కి, అట్లాగే ఒక నిమిషం పట్టి ఉంచండి. పెడల్ ఏం చెబుతుందో కాలితో వినండి.

ఒకటి. మొదటి తొక్కుకు బాగా కిందికి పోయి, రెండో మూడో తొక్కుకు పైకి వచ్చి గట్టిగా నిలిచిందా? సీసాలో ఆయిలు కూడా తగ్గలేదా? లైనర్లు అరిగి డ్రమ్ముకు మధ్య సందు పెరిగి ఉంటుంది. లేదా ఆ సందును సరిచేసే అడ్జస్టరు పట్టేసి ఉంటుంది. డ్రమ్ములు విప్పి చూడాలి. లైనరు రివిట్ల దాకా అరిగితే మార్చడమే తప్ప ఇంకో దారి లేదు.

రెండు. కొట్టిన కొద్దీ పైకి వస్తుంది, కానీ కాలి కింద స్పాంజిలాగా, దూది మూటలాగా మెత్తగా ఉందా? పైపుల్లో గాలి పట్టింది. గాలి ముడుచుకుంటుంది, ఆయిలు ముడుచుకోదు. ఎయిర్ తీయించాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గరి నిప్పిలు వదులు చేసి, బుడగలు పోయేదాకా ఆయిలు వదిలి, పెడల్ పైకి రాకముందే నిప్పిలు బిగించాలి. అయితే ఊరికే గాలి పట్టదు. ఎక్కడో కారితేనో, సీసా ఎండితేనో పడుతుంది. ఆ కారణం వెతకకుండా ఎయిరు మాత్రం తీసి పంపితే వారానికి మళ్లీ మొదటికే వస్తుంది.

మూడు. తొక్కినప్పుడు గట్టిగానే ఉంది, కానీ పట్టి ఉంచిన ఆ నిమిషంలో మెల్లగా, మంచు కరిగినట్టు కిందికి దిగుతోందా? ఇదీ అసలు ప్రమాద సూచన. ప్రెషరు పారిపోతోంది. అప్పుడు బండి చుట్టూ తిరగండి. ప్రతి చక్రం లోపలి వైపు, పైపుల కీళ్ల దగ్గర, హోసుల మీద, పెడల్ వెనక తడి ఉందేమో చూడండి. ఎక్కడా తడి లేదు, సీసాలో ఆయిలూ తగ్గలేదు, అయినా దిగుతోందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మాస్టర్ లోపలి వాషర్లు పోయాయి, ఆయిలు వాటిని దాటి వెనక్కి జారుతోంది. ఎక్కడా తడి లేకుండా సీసాలో ఆయిలు మాత్రం త్వరగా తగ్గిపోతోందంటే మాస్టర్ వెనక సీలు పోయి ఆయిలు బూస్టరులోకి పోతుండవచ్చు. విప్పితే గానీ బయటపడదు.

నాలుగు. పది సార్లు కొట్టినా పెడల్ నేలకే పోతోందా? ఇక పరీక్షలు వద్దు. ఆ బండి ఒక్క గజం కూడా కదలకూడదు.

ఐదు. ఊళ్లో బాగుంది, ఘాటు దిగుతుంటే మెత్తబడి దిగిపోతోంది, అరగంట ఆపితే మళ్లీ వస్తోందా? ఆయిలు మరుగుతోంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 3 అని సీసా మీద రాసి ఉండే కొత్త ఆయిలు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణమే 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవి 230, 155. ఎడతెగకుండా బ్రేకు మీద దిగితే డ్రమ్ములు మాడి, ఆ వేడికి పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే ముడుచుకుపోతుంది. అందుకే రెండేళ్లకు ఒకసారి ఆయిలు మొత్తం మార్చాలంటారు. మన బండ్లలో పోసిన ఆయిలు మీద పోయడమే గానీ, మార్చిన బండి ఎన్నింటిని చూశాం?

రెండు సంగతులు కలిపి గందరగోళ పడకండి. బ్రేకు మీద కాలు పెట్టి ఇంజను స్టార్టు చేసినప్పుడు పెడల్ కొద్దిగా దిగి ఆగితే అది జబ్బు కాదు, బూస్టరు పని చేస్తోందని గుర్తు. ఇక పెడల్ రాయిలాగా గట్టిగా ఉండి బండి ఆగకపోతే అది వేరే జబ్బు. డీజిలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో ఘాటు దించేవాళ్లకు అది చెప్పి వస్తుంది. ఇంజను ఆపితే రెండు మూడు తొక్కులకు బూస్టరు బలం అయిపోతుంది. మిగిలేది ఒట్టి కాలి బలమే.

'ఇంకా ఆగుతోంది గదా' అనే మాట

ఓనర్లు తరుచుగా అనే మాట ఇది. ఇప్పటి బండ్లలో మాస్టర్ రెండు గదులుగా ఉంటుంది. ఒక గది పైపు పగిలినా రెండో గది మీద కొన్ని చక్రాలు ఆగుతాయి. పెడల్ మాత్రం బాగా కిందికి పోతుంది. ఆ సగం బ్రేకు ఎందుకు పెట్టారు? బండిని పక్కకు తీసి ఆపుకోవడానికి. మన ఓనర్లు ఆ సగం బ్రేకు మీదనే పాతికమందిని ఎక్కించి సీజను గడుపుతున్నారు. ఖాళీ బండి ఆగింది కదా అని జనం నిండిన బండి దిగుడులో ఆగుతుందని నమ్మకండి.

ఇంకో పాపం కూడా జరుగుతోంది. బ్రేకు ఆయిలు దొరకలేదని ఇంజను ఆయిలో, డీజిలో, నీళ్లో పోస్తారు. ఇంజను ఆయిలు, డీజిలు తగిలితే ఆ రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. నీళ్లు త్వరగా మరుగుతాయి, లోపల తుప్పు పట్టిస్తాయి. సీసా మూత మీద ఏది రాసి ఉందో అదే పోయాలి. అది కూడా మూత తీసి నెలల తరబడి షెడ్డులో పెట్టినది పనికిరాదు.

గాజులపల్లెలో ఆ పెద్దాయన వెనక కుడి చక్రం విప్పాడు. చక్రం సిలిండర్ వాషరు చిట్లి ఆయిలు కారి లైనర్లన్నీ తడిసి ఉన్నాయి. తుడిచి వేస్తే సరిపోదా అని డ్రైవరు అడిగాడు. 'ఆయిలు తాగిన లైనరు పట్టదు నాయనా, మార్చాల్సిందే' అన్నాడు ఆయన. మార్చి, ఎయిరు తీసి, ఆ కుర్రవాడి కాలు పెడల్ మీద పెట్టించి, 'ఇప్పుడు జూడు, ఇట్లుండాల' అన్నాడు. బండికి పట్టిన ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఓనరు ఆ రోజు మా ఇరవై ముగ్గురి దగ్గర చార్జీ కింద తీసుకున్న దాంట్లో అది ఒక మూలకు కూడా రాదు.

ట్రాక్టరు సంగతి

ట్రాక్టర్ల బ్రేకు వేరు. చాలా పాత ట్రాక్టర్లలో ఆయిలు ఉండదు, కడ్డీలే లాగుతాయి. పెడల్ కిందికి పోతుంటే కడ్డీల అడ్జస్టుమెంటు వదులైందనో లైనింగు అరిగిందనో అర్థం. ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి రెండు పెడళ్లు ఉంటాయి. చేలో తిప్పుకోవడానికి విడివిడిగా వాడతారు. రోడ్డు ఎక్కేముందు ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా ఒక పెడల్ మాత్రమే తొక్కితే, లేదా ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ దిగితే, బండి ఆగకపోగా ఒక పక్కకు గుంజి తిరగబడుతుంది. పైగా మన ఊళ్లలో చాలా ట్రాలీలకు అసలు బ్రేకే లేదు. మనుషులతో నిండిన ట్రాలీ దిగుడులో వెనక నుంచి ట్రాక్టరును తోస్తుంది.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది ఆడకూలీలు చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టరు పడి 15 మంది పోయారు. ఆ రెండూ బ్రేకు వల్ల జరిగాయని మేము అనడం లేదు. మన వాళ్లు పనికి పోయే వాహనం ఎట్లాంటిదో మరచిపోకూడదని గుర్తు చేస్తున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్టు లేదు. మంచిదే. కానీ తెల్లవారుజామున చేను గట్టుకు పోయే బస్సు ఎక్కడుంది? బస్సు లేనిచోట ట్రాలీయే దిక్కు.

దారిలో దిగిపోతే

ఇంత చూసినా దారిలో పెడల్ దిగిపోయిందనుకోండి. డ్రైవరు తమ్ముడు ఇవి గుర్తు పెట్టుకోవాలి. ఇంజను ఆపవద్దు, న్యూట్రల్ చేయవద్దు. పెడల్‌ను త్వరత్వరగా కొట్టాలి, కొంచెమన్నా ప్రెషరు దొరకవచ్చు. గేరు ఒక్కొక్కటే తగ్గించాలి, ఇంజనే బండిని పట్టుకుంటుంది. హ్యాండు బ్రేకు చాలా బండ్లలో వేరే తీగ మీద నడుస్తుంది కాబట్టి అది మిగిలి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా లాగాలి. హారను కొడుతూ, లైట్లు వేసి, లోయ పక్క కాకుండా కొండ పక్కకు, పొదల్లోకి, ఇసుకలోకి, ఎగుడు దారిలోకి తిప్పాలి. వెనక ఉన్నవాళ్లు దూకవద్దు. కింద కూచుని బండిని గట్టిగా పట్టుకోవాలి, పిల్లల్ని మధ్యలో పెట్టుకోవాలి.

ఘాటు దిగేటప్పుడు మొదటి నుంచే చిన్న గేరులో దిగేవాడికి ఈ అవస్థ రాదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇందుకే.

నేరం ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రమాదం జరిగితే కేసు డ్రైవరు మీద పడుతుంది. ఆ డ్రైవరు ఎవరు? ట్రిప్పు లెక్కన బతికే మనవాడే. 'బండి తీయను' అంటే రేపు వాడి సీట్లో ఇంకొకడు కూచుంటాడు. పెడల్ దిగుతోందని తెలిసి నడిపిన తప్పు వాడికీ ఉంది, కాదనం. కానీ తెలిసి నడిపించినవాడి సంగతేమిటి?

1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను చదవండి. లోపం ఉన్న బండిని రోడ్డు మీద నడిపినవాడే కాదు, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ నేరస్తులే. ఆ లోపం వాళ్లకు తెలిసి ఉండాలి, లేదా మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదై ఉండాలి. దానివల్ల ప్రమాదం జరిగి మనుషులకు దెబ్బలు తగిలితే మొదటిసారి 3 నెలల దాకా జైలో, 5,000 రూపాయల జరిమానాయో, రెండూనో. శిక్ష చిన్నదే. మనిషి కాలి ముందు 5,000 ఎంత? కానీ ఆ సెక్షనులో 'తెలిసి' అన్న మాట ఉంది చూశారా, మనం పట్టుకోవలసింది దాన్ని.

ఒక్క నిమిషం తొక్కితే తెలిసే జబ్బు మామూలు జాగ్రత్తతో తెలిసేదే కదా! ఇక మనం నలుగురి ముందు ఓనరుకు చెబితే, తేదీ వేసి పుస్తకంలో రాస్తే, ఫోనులో మెసేజీ పెడితే, 'నాకు తెలియదు' అనే దారి అతనికి మూసుకుపోతుంది. పెడల్ దిగడం బండి ఇచ్చిన నోటీసు. మనం చెప్పడం రెండో నోటీసు. ఆ రెండు నోటీసుల తరువాత జరిగేదాన్ని ప్రమాదం అనకూడదు.

సరుకుల బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలి. బండి వయసు 8 ఏళ్ల దాకా రెండేళ్లకు ఒకసారి, ఆ తరువాత ఏటేటా దాన్ని కొత్తది చేయించాలి. అది అడిగే హక్కు ఎక్కేవాడికి లేదా? బీమా సంగతి ఇంకా ఘోరం. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. ఆ తీర్పు చూపించి కంపెనీలు చేతులు దులుపుకుంటున్నాయి. అయినా ఓనరు బాధ్యత పోదు. ట్రిబ్యునల్‌లో దావా వేయవచ్చు. 2019 సవరణ దీనికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలల గడువు పెట్టింది. ఆస్పత్రి, కర్మకాండలు అంటూ నెలలు గడవనివ్వకండి. వెంటనే సంఘానికి చెప్పండి.

ఇప్పుడు చేయవలసింది

ప్రతి ముఠాలో ఇద్దరు బ్రేకు చూడడం నేర్చుకోవాలి. వాళ్లలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. ఎందుకంటే కోతలకు పోయే బండ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. సామాను ఎక్కించకముందే, డ్రైవరు ఎదుటే, ఒక నిమిషం పెడల్ తొక్కి చూడాలి. సీసాలో ఆయిలు గీత చూడాలి. నాలుగు చక్రాల లోపలి వైపు వంగి చూడాలి. ఇందుకు చదువు అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. డ్రైవరు మీద అరవవద్దు. 'నువ్వు తీయనంటే మేమూ ఎక్కం' అని అతనికి అండగా నిలవండి. ఒంటరి డ్రైవరు చెబితే వినని ఓనరు, ఇరవై ముగ్గురు కింద నిలబడితే వింటాడు. మేస్త్రీతో మాట్లాడుకునేటప్పుడే బండి మరమ్మతుకు పోయిన పూట కూలి ఎవరు భరించాలో తేల్చుకోండి. అది మన నెత్తిన పడకూడదు. సుగ్గికి జనం కదిలే నెలల్లో ఆర్టీసీ బస్సులు వేయాలని, ఘాటు మొదట్లో బండ్లను, బ్రేకులను తనిఖీ చేయాలని అధికారులను అడుగుదాం. ఆ తనిఖీ డ్రైవరు జేబు తడమడానికి కాకుండా పెడల్ తొక్కి చూడడానికి జరగాలి.

కాలు పోయిన ఆ చెల్లెలు ఇప్పుడు మా ఊళ్లోనే ఉంటోంది. కోతలకు పోలేదు. బండ్లు బయలుదేరే రోజు మాత్రం కర్ర పట్టుకుని రోడ్డు దాకా వస్తుంది. ప్రతి బండి డ్రైవరునూ ఒకటే అడుగుతుంది: 'తొక్కి జూస్తివా అన్నా?' అతను తొక్కి చూపించేదాకా అక్కడి నుంచి కదలదు.

ఆమె అడిగే ఆ మాట ప్రతి ఊరి రోడ్డు మీద వినబడాలి. తొక్కి చూడనిదే ఎక్కం. పెడల్ దిగితే బండి కదలదు.